గులాబీ గోపురం ఒక్కటే ఎందుకు?

ప్రియమైన పిల్లలూ,

మీ చిట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ వెళ్లే బడిలోకి ఎప్పుడైనా తొంగి చూశారా? "అక్కడేముంది, ఆటలే కదా!" అంటారని నాకు తెలుసు. ఏళ్ల తరబడి మూడు నుంచి ఐదేళ్ల పిల్లల మధ్య నేల మీద కూర్చుని పాఠాలు చెప్పినదాన్ని. ఆ ఆటల గుట్టు ఒకటి చెబుతాను.

1907 జనవరి 6న రోమ్ నగరంలో, శాన్ లొరెంజో అనే పేదల పేటలో, డాక్టరు మరియా మాంటిస్సోరి చిన్నపిల్లలకు ఒక బడి తెరిచారు. దాని పేరు 'పిల్లల ఇల్లు'. ఆమె పద్ధతిలో గులాబీ గోపురం అని ఒకటుంది. అందులో చెక్క ఘనాలు 10. అన్నిటికన్నా పెద్దదాని అంచు 10 సెంటీమీటర్లు, చిన్నదానిది 1. ఒకదాని మీద ఒకటి పేర్చాలి. తమాషా ఏమిటంటే, గదిలో ఎంతమంది పిల్లలున్నా ఆ గోపురం మాత్రం ఒక్కటే. మిగతా వస్తువులూ అంతే.

ఇది పిసినారితనం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. ఒకరు పేరుస్తుంటే రెండోవారు ఆగాలి. వాళ్లు ముగించి అరలో పెట్టాకే తీసుకోవాలి. "ఎదుటివారి పనిని గౌరవించు" అని ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఆ గౌరవం రోజూ చేతులకు అలవాటవుతుంది. మొదట్లో నేను దీన్ని నమ్మలేదు, ఏడుపులు తప్ప ఏమీ మిగలవనుకున్నాను. ఏడుపులూ ఉన్నాయిలెండి. కానీ కొన్ని వారాలకు, తన వంతు కోసం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ నాలుగేళ్ల పిల్లను చూశాక నోరు మూసుకున్నాను.

పెద్దలు దీన్ని సహనం అంటారు. నాకు ఆ మాట కొంచెం ఇరుకుగా తోస్తుంది. పంటినొప్పిని సహిస్తాం, పక్కవాణ్ని కూడా అలాగేనా? 1995 నవంబరు 16న యునెస్కో సభ్యదేశాలు చేసిన ప్రకటన కూడా సహనమంటే దయ చూపడం కాదనీ, మనుషుల్లోని తేడాలను గౌరవించి, అంగీకరించి, మెచ్చుకోవడమనీ చెప్పింది. అన్యాయాన్ని భరించడం సహనం కాదని కూడా అందులోనే ఉంది. కాబట్టి ఎవరైనా కొడుతుంటే ఊరుకోనక్కర్లేదు.

ఇక నా తప్పు. ఒక ఏడాది మా తరగతిలో ఒక బాబు వినికిడి యంత్రం పెట్టుకుని వచ్చాడు. "నీ చెవిలో అదేమిటి?" అని ఒక పిల్ల గట్టిగా అడిగింది. "ష్, అలా అడగకూడదు" అన్నాను. మర్యాద నేర్పుతున్నాననే అనుకున్నాను. ఆ రోజంతా వాడి వైపు ఎవరూ చూడలేదు. అదేదో సిగ్గుపడాల్సిన విషయమని నేనే నేర్పేశానన్నమాట.

మర్నాడు వాడి దగ్గర కూర్చుని, చెప్పడం నీకు ఇష్టమేనా అని అడిగాను. తలూపాడు. అందరి మధ్యకూ వెళ్లి, "ఇది పెట్టుకుంటే మీ మాటలు వినపడతాయి. తీసేస్తే మీరెంత అరిచినా నాకు హాయిగా ఉంటుంది" అన్నాడు. పిల్లలందరూ పకపకా నవ్వారు. మధ్యాహ్నానికి ఆ ప్రశ్న అడిగిన పిల్లే గులాబీ గోపురం దగ్గర వాడి పక్కన నిలబడి, తన వంతు కోసం చూస్తోంది.

మీ
టీచరమ్మమ్మ