హక్కు ఎవరి బాకీ?

బెంగళూరు మారతహళ్లిలో ఉండే ఒక పాఠకురాలు ఒక ప్రశ్న పంపారు. ఎనిమిదో తరగతి చదువుతున్న వాళ్లబ్బాయి మానవ హక్కుల పాఠం చదివి, "అమ్మా, ఈ హక్కులు మనకెవరిచ్చారు? ఇచ్చినవాళ్లకి కోపం వస్తే వెనక్కి తీసేసుకుంటారా?" అని అడిగాడట. ఆవిడ ఐక్యరాజ్య సమితి పేరు చెప్పారు. వాడికి అది సరిపోలేదు. సరిపోకపోవడమే మంచిది. సరిగ్గా ఆ ప్రశ్న మీదే 1976లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, తప్పు చెప్పింది. ఆ తప్పు దిద్దుకోవడానికి 41 ఏళ్లు పట్టింది. ఆ కథలో బెంగళూరుకి పెద్ద భాగమే ఉంది.

సమితి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1948 డిసెంబరు 10న పారిస్‌లో విశ్వ మానవ హక్కుల ప్రకటనకి 48 దేశాలు అవునన్నాయి, 8 తటస్థంగా ఉండిపోయాయి, కాదన్నది ఒక్కటీ లేదు. అందులో 30 అధికరణాలు. ఆ జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. హక్కు అనేది ఎలా పనిచేస్తుందన్నది మాత్రం పాఠాల్లో కనబడదు.

ప్రోనోటు తెలిసినవాళ్లకి హక్కు సగం తెలిసినట్టే. నోటులో సొమ్ము ఎంతన్నది ఒక్కటే చాలదు, కింద సంతకం పెట్టినవాడెవడో ఉండాలి. "నాకు లక్ష రూపాయలు రావాలి" అని ఎవరైనా అంటే మనం వెంటనే "ఎవరి దగ్గర్నుంచి?" అంటాం. పేరు చెప్పలేకపోతే అది బాకీ కాదు, ఉత్త కోరిక. హక్కూ అంతే. నాకు బతికే హక్కు ఉందంటే, నన్ను చంపకుండా ఉండాల్సింది ఎవరు, ఎవరైనా చంపబోతే అడ్డుపడాల్సింది ఎవరు, అడ్డుపడకపోతే నేను ఎవరి మీద ఎక్కడ దావా వేయాలి, ఇవన్నీ తేలాలి.

దీన్ని లెక్కలా విడదీసినవాడు వెస్లీ హోఫెల్డ్ అనే అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు. మనం హక్కు అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి నాలుగు అని 1913లో ఆయన చూపించాడు. మొదటిది దావా: నాకు దావా ఉంటే అవతలివాడికి దాన్ని తీర్చే విధి ఉంటుంది. రెండోది స్వేచ్ఛ: "ఆ పని చేయకు" అని నన్ను అడిగే దావా అవతలివాడికి లేదు. మూడోది అధికారం: నేను ఒక సంతకంతోనో పిటిషన్‌తోనో అవతలివాడి చట్టపరమైన స్థితిని మార్చగలను. నాలుగోది రక్షణ: అవతలివాడు నా స్థితిని మార్చలేడు. మన రాజ్యాంగంలో నాలుగూ కనిపిస్తాయి. 21వ అధికరణంలో ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిన దావా ఉంది. 19లో మాట్లాడే స్వేచ్ఛ ఉంది. 13(2) ప్రకారం ప్రాథమిక హక్కుల్ని హరించే చట్టం ప్రభుత్వం చేయకూడదు, అది రక్షణ. 32వ అధికరణం నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్లే అధికారం ఇస్తుంది. రాజ్యాంగానికి ఆత్మ, హృదయం ఈ అధికరణమేనని అంబేద్కర్ రాజ్యాంగ సభలో అన్నది 1948 డిసెంబరు 9న, అంటే పారిస్ ప్రకటనకి సరిగ్గా ఒక రోజు ముందు. పారిస్ కాగితంలో బాకీ రాసి ఉంది కానీ దావా వేసే కోర్టు లేదు. అంబేద్కర్ కోర్టుని కూడా రాయించారు.

ఇక్కడ బడి పాఠాల మీద నాకొక ఫిర్యాదు ఉంది. "హక్కులు – బాధ్యతలు" అని రెండు వరసలు గీసి, రెండింటినీ ఒకే పిల్లవాడి నెత్తిన పెడతారు. నీ హక్కు కావాలంటే నీ బాధ్యత నువ్వు చెయ్యి అన్నట్టు. హోఫెల్డ్ లెక్కలో నా హక్కుకి జంట అవతలివాడి విధి, నాది కాదు. నాకు బాకీ ఉన్నవాడు "ముందు నువ్వు బుద్ధిగా ఉండు, తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకుంటామా? మన రాజ్యాంగంలో ప్రాథమిక విధులు మొదట్లో లేవు. 42వ సవరణతో 1976లో, ఇందిరాగాంధీ ప్రభుత్వం 1975 జూన్‌లో పెట్టిన ఎమర్జెన్సీ నడుస్తుండగా చేర్చారు. సరిగ్గా నిర్వర్తించిన కర్తవ్యం నుంచే హక్కు పుడుతుందని గాంధీజీ 1947లో యునెస్కోకి నాయకత్వం వహిస్తున్న జూలియన్ హక్స్‌లీకి రాశారు. ఒక మనిషి తనకు తాను పెట్టుకునే నియమంగా అది చాలా గొప్పది. జైలరు చేతికి ఇస్తే మాత్రం ప్రమాదం.

ఈ కొలత పట్టుకుని చరిత్ర చూస్తే చాలా ప్రచారాలు తేలిపోతాయి. పారశీక రాజు సైరస్ క్రీ.పూ. 539లో బాబిలోన్ గెలిచాక రాయించిన స్తూపాకారపు మట్టి శాసనాన్ని ప్రపంచపు తొలి మానవ హక్కుల పత్రం అంటుంటారు. అందులో ఉన్నది గుళ్లు బాగుచేయించాను, జనాన్ని వాళ్ల ఊళ్లకి పంపించాను అని రాజు తన గురించి చెప్పుకున్న మాట. అతని మీద దావా వేయడానికి ఎవరికీ ఏమీ రాసివ్వలేదు. అశోకుడు ఇంకా ముందుకి వెళ్లాడు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఆయన శాసనాలున్నాయి. కళింగలో ధౌలి దగ్గర రాయించిన ప్రత్యేక శాసనంలో, కారణం లేకుండా మనుషులు బందీలవుతున్నారని, అలా జరగకుండా చూడాలని అధికారుల్ని హెచ్చరించాడు. దాన్ని చూడడానికి అయిదేళ్లకోసారి ఒక అధికారిని పంపుతానన్నాడు. క్రీ.పూ. మూడో శతాబ్దంలో ఆ మాట అనడం మామూలు విషయం కాదు. కానీ అక్కడ విధి ఉంది, దావా లేదు. బందీ అయినవాడు ఆ అధికారి వచ్చేదాకా ఎదురు చూడాల్సిందే.

దావా ఎలా పుట్టిందో చూడాలంటే ఇంగ్లండ్ వెళ్లాలి. 1215 నాటి మాగ్నా కార్టా 39వ నిబంధన, చట్టం ప్రకారం తప్ప స్వతంత్రుడైన మనిషిని బంధించకూడదంది. అప్పటి జనంలో చాలామంది భూస్వామికి కట్టుబడిన కౌలు బానిసలు, వాళ్లు ఆ లెక్కలోకి రారు. 1626లో మొదటి చార్లెస్ రాజు ధనవంతుల దగ్గర బలవంతంగా అప్పు అడిగాడు. ఇవ్వబోమన్న కొందర్ని జైల్లో పెట్టాడు. వాళ్లలో అయిదుగురు 1627లో హెబియస్ కార్పస్ కోరారు. మనిషిని తెచ్చి కోర్టు ముందు నిలబెట్టి, ఎందుకు బంధించావో కారణం చెప్పు అని జైలర్ని ఆదేశించే రిట్ అది. వచ్చిన జవాబు "రాజుగారి ప్రత్యేక ఆజ్ఞ". కోర్టు విడిచిపెట్టలేదు. దాని మీద రేగిన గొడవ 1628 హక్కుల విన్నపానికి, చివరికి 1679 హెబియస్ కార్పస్ చట్టానికి దారితీసింది.

ఆ 1679 చట్టం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. అందులో స్వేచ్ఛ గొప్పదనం గురించి ఉపన్యాసాలు లేవు. ఉన్నవి గడువులు, జరిమానాలు. జైలు 20 మైళ్ల లోపు ఉంటే మూడు రోజుల్లో మనిషిని తేవాలి. 100 మైళ్ల లోపు అయితే పది రోజులు, ఆపైన ఇరవై. తేని జైలరుకి మొదటిసారి 100 పౌండ్లు, రెండోసారి 200 పౌండ్ల జరిమానాతో పాటు ఉద్యోగం పోతుంది. రిట్ ఇవ్వనన్న జడ్జికి 500. సముద్రం అవతలికి తరలించి రిట్‌కి అందకుండా చేయడం నిషేధం. బాకీదారు ఎవరు, గడువు ఎంత, తీర్చకపోతే ఏమవుతుంది, అన్నీ అందులో ఉన్నాయి.

తర్వాతి శతాబ్దపు ప్రకటనలు చాలా పెద్ద మాటలు మాట్లాడాయి. 1776లో అమెరికా, 1789లో ఫ్రాన్స్ మనుషులంతా సమానమన్నాయి. ఆ అమెరికా ప్రకటన రాసిన జెఫర్సన్ దగ్గర బానిసలున్నారు. ఆడవాళ్ల హక్కుల ప్రకటన 1791లో రాసిన ఒలాంప్ ద గూజ్‌ని 1793లో గిలటిన్ ఎక్కించారు. పుట్టుకతో వచ్చే హక్కులన్నవి ఉత్త అర్థంలేని మాటలని, చట్టం ఇస్తేనే హక్కని ఇంగ్లండ్‌లో జెరెమీ బెంథామ్ కొట్టిపారేశాడు. మధ్యలో ఒక్క కావలివాడు కూర్చుని ఖైదీలందరినీ చూడగలిగే జైలు నమూనా గీసింది కూడా ఈయనే.

బెంగళూరు మెజెస్టిక్ దగ్గర శేషాద్రి రోడ్డులో ఫ్రీడమ్ పార్కుకి వెళ్లినవాళ్లు మధ్యలో కాపలా గోపురం, చుట్టూ బారకులు చూసే ఉంటారు. అది పాత సెంట్రల్ జైలు. 1975 జూన్ 26న, ఎమర్జెన్సీ మొదలవగానే, పార్లమెంటరీ కమిటీ పనిమీద బెంగళూరు వచ్చిన వాజ్‌పేయి, అద్వానీ, మధు దండవతే, శ్యామ్ నందన్ మిశ్రాలను అరెస్టు చేసి అక్కడే పెట్టారు. నెల్లూరు నుంచి వచ్చిన తెలుగు కవి పట్టాభిరామిరెడ్డి భార్య, నటి స్నేహలతారెడ్డిని 1976లో అక్కడే నెలల తరబడి బంధించారు. ఆవిడకి తీవ్రమైన ఆస్తమా. పెరోల్ మీద బయటికి వచ్చిన కొద్ది రోజులకే, 1977 జనవరి 20న చనిపోయారు. తెలుగువాళ్లం ఆవిడని ఇంకా గుర్తుంచుకోవాల్సినంతగా గుర్తుంచుకోలేదు.

ఆ నాయకులు కర్ణాటక హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్లు వేశారు. 21వ అధికరణాన్ని రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆపేశాం కాబట్టి పిటిషన్ వినడానికే వీల్లేదని ప్రభుత్వం అంది. వినొచ్చన్న హైకోర్టుల్లో కర్ణాటక ఒకటి. వ్యవహారం ఢిల్లీకి చేరింది. ఒక పోలీసు సొంత పగతో ఎవరినైనా చంపేస్తే అప్పుడు కూడా దారి లేదా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని అటార్నీ జనరల్ నిరేన్ డే ఒప్పుకున్నారు. 1976 ఏప్రిల్ 28న నలుగురు జడ్జీలు ప్రభుత్వం వైపు నిలిచారు. వాళ్ల వాదనని నోటు భాషలో చెప్పాలంటే, బాకీ కాగితంలోనే పుట్టింది, కాగితాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాం, కాబట్టి బాకీ లేదు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. కాగితం బాకీకి సాక్ష్యం మాత్రమే, చట్టబద్ధ పాలన ఉన్నచోట మనిషి ప్రాణం రాజ్యాంగానికి ముందు నుంచీ బాకీయే అన్నది ఆయన తీర్పు సారం. 1977 జనవరిలో ఆయన్ని దాటవేసి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా చేశారు.

1978లో 44వ సవరణ వచ్చింది. ఇక ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణాల్ని ఆపడానికి వీల్లేదు. తీర్పు మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ఆధార్ మీద కోర్టుకెక్కిన కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టులోనే జడ్జీగా రిటైరైన మనిషి. 2017 ఆగస్టు 24న ఆయన కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం పాత తీర్పుని కొట్టేసింది. ప్రాణం, స్వేచ్ఛ రాజ్యాంగం సృష్టించినవి కావు, రాజ్యాంగం గుర్తించినవి అంది. ఆ మాట రాసిన డి.వై. చంద్రచూడ్ తండ్రి వై.వి. చంద్రచూడ్ 1976లో ఆ నలుగురిలో ఒకరు. మారతహళ్లి పిల్లవాడికి జవాబు ఇక్కడ ఉంది: ఎవరూ ఇవ్వలేదు, అందుకే ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

నోటుకీ హక్కుకీ తేడాలూ ఉన్నాయి. డిమాండ్ నోటు మూడేళ్లకి కాలదోషం పడుతుంది, హక్కుకి పట్టదు. నోటుని వెనక సంతకం పెట్టి ఇంకొకరికి బదిలీ చేయొచ్చు, నా ప్రాణాన్ని నేనే ఎవరికీ బదిలీ చేయలేను. తాత తీసుకున్న అప్పుకి మనవడు జీతానికి కుదిరిన ఊళ్లు మన వైపు ఎన్నో. వెట్టి చాకిరీ రద్దు చట్టం ఆ అప్పుల్నే రద్దు చేసింది. ఆ చట్టమూ 1976దే, ఎమర్జెన్సీ ప్రభుత్వమే తెచ్చింది, అదీ చెప్పాలి. ఇదంతా పూర్వజన్మ బాకీ, అనుభవించాల్సిందే అని ఆ మనుషులకి నూరిపోసిన నమ్మకం చట్టం కంటే మొండిది. సంతకం లేని నోటు మీద తరతరాలు వడ్డీ కట్టించారు.

బెంగళూరుకి అనంతపురం, చిత్తూరు, కర్నూలు నుంచి కూలి పనికి వచ్చేవాళ్లు చాలామంది. వాళ్లలో ఎవరినైనా పోలీసులు పట్టుకుంటే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ప్రయాణ సమయం మినహా. అరెస్టుకి కారణం చెప్పాలి. ముందస్తు నిర్బంధంలో పెట్టినవాడికి కారణాలు అతనికి తెలిసిన భాషలో అందాలని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. అక్కడ ఇంగ్లీషులో ఇచ్చిన కాగితం చెల్లలేదు. మనిషి ఆచూకీ చెప్పకపోతే హైకోర్టులో 226వ అధికరణం కింద హెబియస్ కార్పస్ వేయొచ్చు. లోపలున్నవాడే వేయనక్కర్లేదు, భార్య వేయొచ్చు, స్నేహితుడు వేయొచ్చు. తీహార్ జైలు నుంచి ఒక ఖైదీ తోటి ఖైదీ కోసం రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుని 1979లో తీర్పు ఇచ్చింది.