శబ్దభేది: కొండ వెనక ఫిరంగిని పట్టే చెవి

ఉక్రెయిన్ యుద్ధం వార్తలు చూస్తూ మా పక్కింటి ఇంటర్ కుర్రాడు అడిగాడు: “మంగళగిరి కొండ వెనక ఫిరంగిని దాచి విజయవాడ మీదికి పేలిస్తే, అది ఎక్కడుందో మనకు ఎలా తెలుస్తుంది మాస్టారూ?” ఎంత మంచి ప్రశ్న! ఫిరంగి నిర్మాణం గురించి ఎవరైనా చెబుతారు, ఆ జోలికి నేను పోను. బోఫోర్స్ వంటి 155 మిల్లీమీటర్ల ఫిరంగి మామూలు గుండును 24 కిలోమీటర్లు, ప్రత్యేకమైన గుండునైతే 30 కిలోమీటర్ల దాకా విసురుతుందని తెలిస్తే చాలు. అంటే విజయవాడ నుంచి గుంటూరు పొలిమేరల దాకా. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల ప్రాణాలు ఎక్కువగా తీసింది ఫిరంగి గుండ్లే. అందుకే ఎదుటివాడి ఫిరంగిని కనిపెట్టి నోరు మూయించడం భూతల యుద్ధంలో సగం పని.

జవాబు మొదలయ్యేది మన ఇళ్లలోనే. ఉరుము ఉరిమితే మా నాయనమ్మ ‘అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి...’ అంటూ పది పేర్లూ చదివేది. ఆ పేర్లు పిడుగును ఆపవు. మెరుపు మన కంటపడేసరికే పిడుగు పడిపోయి ఉంటుంది. ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పాలి. కానీ ఆ పది పేర్లు చక్కని గడియారం! మెరుపు చూడగానే అందుకుని, పేరుకు ఒక సెకను చొప్పున చదవండి. మూడో పేరుకు ఉరిమితే పిడుగు కిలోమీటరు దూరంలో పడినట్టు. మన ఊరి పేరులో ఉన్న ఏడో పేరు ‘విజయ’ దాకా వస్తే రెండు కిలోమీటర్లు దాటినట్టు. ‘ధనంజయ’ దాకా వెళితే దాదాపు మూడున్నర.

కొండ వెనక పేలిన ఫిరంగి మెరుపు మనకు కనిపించదు. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు కాబట్టి ఒక్క చెవి చాలదు. రెండు చోట్ల ఇద్దరిని నిలబెడదాం. ఒకరికి మోత అర సెకను ముందు వినిపిస్తే, ఫిరంగి వారికి 170 మీటర్లు దగ్గరగా ఉన్నట్టు. రెండు బిందువుల నుంచి దూరాల భేదం మారకుండా ఉండే చోట్లన్నీ కలిపితే అతిపరావలయం (హైపర్బోలా) అనే గీత వస్తుంది. మూడో మనిషిని చేరిస్తే ఇంకో అతిపరావలయం. ఆ రెండు గీతలూ ఖండించుకున్న చోట ఫిరంగి ఉంది! ఇంటర్ పిల్లలు మార్కుల కోసం బట్టీ పట్టే ఆ వక్రరేఖకు ఇంత పని ఉందని తరగతిలో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

1915లో బ్రిటిష్ సైన్యం ఈ పనిని పాతికేళ్ల విలియం లారెన్స్ బ్రాగ్‌కు అప్పగించింది. తండ్రితో కలిసి ఆయన భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నది ఆ ఏడాదే. ఫిరంగి దళంలో ఉన్న తమ్ముడు టర్కీలోని గల్లిపోలీ యుద్ధంలో చనిపోయిందీ ఆ ఏడాదే.

లెక్క సులువే, వినడమే కష్టమైంది. శబ్దభేది విద్య తెలిసిన దశరథుడు కడవ మునిగిన చప్పుడును ఏనుగు నీళ్లు తాగే చప్పుడు అనుకుని బాణం వేశాడు. గురి తప్పలేదు, చప్పుడును పోల్చుకోవడంలో పొరపడ్డాడు. బ్రాగ్‌కు ఎదురైనదీ అదే చిక్కు. గుండు ధ్వని కంటే వేగంగా వస్తుంది కాబట్టి ముందు దాని ‘ఛట్’ వినిపిస్తుంది. ఫిరంగి నోటి నుంచి బయలుదేరిన ‘ధుమ్’ ఆ తర్వాత చేరుతుంది. అప్పటి మైక్రోఫోన్లు ఛట్‌ను, తుపాకుల మోతను చక్కగా పట్టి, అసలైన ధుమ్‌ను వదిలేసేవి. అది చెవి కంటే ఒంటికి ఎక్కువ తెలిసే ధ్వని. ఒకసారి ఫిరంగిపురం దగ్గర చుట్టాల ఇంట్లో ఉండగా దూరాన క్వారీలో పేల్చారు. చెవికి పెద్దగా వినిపించలేదు కానీ గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి.

బ్రాగ్‌కు ఇది తెలిసింది మరుగుదొడ్డిలో! తలుపు వేస్తే ఆ గదికి గాలి దారి కూర్చునే రంధ్రం ఒక్కటే. దగ్గర్లో ఫిరంగి పేలినప్పుడల్లా ఆయన ఒళ్లు కొంచెం పైకి లేచేది. చెవికి లీలగా అందే ఆ ధ్వనిలో గాలిని తోసే బలం అంత ఉంది. ఆయన దళంలోని విలియం టకర్ 1916లో దీన్ని పరికరంగా మార్చాడు. ఒక పెట్టెకు రంధ్రం చేసి, దాని మీదుగా సన్నని ప్లాటినం తీగ బిగించి, విద్యుత్తుతో వేడి చేశాడు. ధుమ్ రాగానే రంధ్రంలోంచి గాలి కదిలి తీగ చల్లబడుతుంది, దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది, నిరోధాలను పోల్చే వీట్‌స్టన్ బ్రిడ్జి అనే వలయం తుల్యత తప్పి, విద్యుత్తును చూపే గాల్వనామీటరు కదులుతుంది. ఛట్‌కు ఆ తీగ దాదాపు పలకదు. ఇంటర్ ప్రయోగశాలలో మనం తీగ మీద జాకీ అనే మీటను జరిపి చూసే మీటర్ బ్రిడ్జి సూత్రమే యుద్ధభూమిలో పనిచేసింది.

ఇలాంటి ఆరు మైక్రోఫోన్లను దూరదూరంగా పెట్టి, ఆరింటి కదలికలనూ ఒకే ఫిల్ము మీదికి ఎక్కించారు. కాలాన్ని సెకనులో నూరో వంతు దాకా చదివేవారు. మైక్రోఫోన్ల మధ్య దూరం ఒకటిన్నర కిలోమీటర్లు అనుకుంటే, నూరో వంతు పొరపాటుకు 8 కిలోమీటర్ల అవతల ఫిరంగి చోటు పక్కకు జరిగేది 18 మీటర్లే! గాలినీ, వేడినీ లెక్కలోకి తీసుకోవాలి. ధ్వని వేగం సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, మన రోహిణి కార్తె 45 డిగ్రీల ఎండలో దాదాపు 358. 1918 ఆగస్టు 8న ఫ్రాన్స్‌లో అమియెన్స్ యుద్ధం మొదలయ్యేనాటికి, ఈ పద్ధతితో పాటు ఫిరంగి మెరుపుల పరిశీలన, విమాన ఫొటోల సాయంతో ఎదుటి జర్మన్ ఫిరంగుల్లో అత్యధిక భాగం బ్రిటిష్ మ్యాపుల మీదికి ఎక్కాయి.

ఇప్పుడు ఈ పనిని ఎక్కువగా రాడార్ చేస్తుంది. గుండు దారిని కొద్దిగా చూసి, వెనక్కి లెక్కకట్టి అది బయలుదేరిన చోటు చెబుతుంది. మన డీఆర్‌డీవో రూపొందించిన స్వాతి ఇలాంటి రాడారే. కానీ రాడార్ తరంగాలు పంపాలి, ఆ తరంగాలే దాని ఉనికిని శత్రువుకు పట్టిస్తాయి. మైక్రోఫోన్ ఏమీ పంపదు. డ్రోన్ల చప్పుడు పట్టడానికి ఉక్రెయిన్ ఇప్పుడు వేల మైక్రోఫోన్లను స్తంభాలకు కట్టింది.

వచ్చే దీపావళికి మూడు డాబాల మీద మూడు ఫోన్లు పెట్టి ఒక లక్ష్మీబాంబు చోటు కనిపెడతానంటున్నాడు మా కుర్రాడు. మూడు ఫోన్ల గడియారాలూ కలవవు. బ్రాగ్ ఒకే ఫిల్ము వాడింది అందుకే. ముందు మూడింటినీ ఒకే చోట పెట్టి ఒక చప్పట రికార్డు చేయమన్నాను. రికార్డింగ్ ఆపకుండా డాబాల మీదికి తీసుకెళితే, తర్వాత ఆ చప్పట దగ్గర మూడింటినీ కలిపి లెక్క మొదలుపెట్టవచ్చు.