గుమ్మటం, మినార్ లేని రోజుల నుంచి

మసీదు బొమ్మ వేయమంటే ఎవరైనా ముందు ఒక గుమ్మటం గీస్తారు. దాని పక్కన రెండో నాలుగో మినార్లు నిలబెడతారు. ఫోన్‌లో కనిపించే ఎమోజీ కూడా అదే. తొలి మసీదుల్లో మాత్రం ఈ రెండూ లేవు. 622లో ప్రవక్త ముహమ్మద్ మదీనా చేరాక తన ఇంటిని ఆనుకుని కట్టించినది పచ్చి ఇటుక గోడల మధ్య ఒక ఆవరణ, అంతే. నీడ కోసం ఒక వైపు ఖర్జూరపు మొద్దులు నిలబెట్టి, పైన మట్టలు కప్పారు. అజాన్ (నమాజు పిలుపు) ఇవ్వడానికి ప్రవక్త సహచరుడు బిలాల్ దగ్గర్లోని ఇంటి కప్పు ఎక్కేవారు.

నమాజుకు కావలసినవి శుభ్రమైన నేల, వజూకు (నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడానికి) నీళ్లు, ఏ దిక్కుకు తిరగాలో తెలియడం. ఆ దిక్కును ఖిబ్లా అంటారు. మొదట అది జెరూసలేం వైపు ఉండేది, 624లో మక్కాలోని కాబా వైపు మారింది. కట్టడం ఫలానా ఆకారంలోనే ఉండాలన్న నియమం లేదు. అందుకే ఇస్లాం ఏ నేలకు వెళితే అక్కడి మేస్త్రీలు తమకు వచ్చిన పద్ధతిలోనే మసీదు కట్టారు. చూడదగ్గ మసీదుల జాబితాలు నెట్‌లో బోలెడున్నాయి, కానీ చాలావరకు ఫొటోలో బాగా పడే రంగులను బట్టి ఎంచినవే. ఏ మసీదు ఎవరి దగ్గర ఏం తీసుకుందో తెలిసి చూస్తే అదే గోడ మరోలా కనిపిస్తుంది.

మొదటి పెద్ద మలుపు డమాస్కస్‌లో వచ్చింది. ఉమయ్యద్ వంశపు ఖలీఫా అల్ వలీద్ 706 నుంచి 715 మధ్య అక్కడ మహా మసీదు కట్టించాడు. ఆ స్థలంలో ఒకప్పుడు రోమన్ల జూపిటర్ గుడి, ఆ తర్వాత సెయింట్ జాన్ చర్చి ఉండేవి. గుడి ప్రాకారపు మూలల్లో అప్పటికే ఉన్న బురుజులే మినార్లకు దారి చూపాయని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆవరణ గోడల మీది మొజాయిక్‌లు, అంటే చిన్న రంగు ముక్కలు పేర్చిన బొమ్మలు, బైజాంటిన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) శైలిలో ఉంటాయి: బంగారు నేపథ్యంలో నది, చెట్లు, మేడలు. ఊరికి ఊరే కనిపిస్తుంది, మనిషి మాత్రం ఒక్కడూ కనిపించడు. ఖిబ్లా గోడలో లోపలికి తొలిచిన గూడు, అంటే మిహ్రాబ్, మదీనా మసీదును ఇదే ఖలీఫా హయాంలో తిరిగి కట్టినప్పుడు వచ్చిందంటారు.

అక్కడి నుంచి దారులు చీలిపోయాయి. ట్యునీసియాలోని కైరవాన్‌లో 9వ శతాబ్దపు మసీదుకు నలుచదరపు మినార్ ఉంది, లోపలి స్తంభాల్లో చాలావరకు పాత రోమన్, బైజాంటిన్ కట్టడాల నుంచి తెచ్చినవే. అదే శతాబ్దంలో ఇరాక్‌లోని సమర్రాలో సుమారు 52 మీటర్ల మినార్ లేచింది. దాని చుట్టూ బయటి నుంచే మెలికలు తిరుగుతూ పైకి బాట ఉంటుంది. అంచున కటకటాలు లేని ఆ బాటను చూస్తుంటేనే కళ్లు తిరుగుతాయి.

నన్నడిగితే, ఒక్క మసీదు గురించే చెప్పమంటే కోర్డోబా గురించే చెబుతాను. స్పెయిన్‌లో మొదటి అబ్దుల్ రహ్మాన్ 785 ప్రాంతంలో పని మొదలుపెట్టించాడు. కుటుంబాన్ని, వాళ్లను గద్దె దించిన అబ్బాసిద్ వంశంవాళ్లు ఊచకోత కోస్తే డమాస్కస్ నుంచి తప్పించుకుని వచ్చిన ఉమయ్యద్ రాకుమారుడు అతడు. పాత కట్టడాల నుంచి స్తంభాలైతే దొరికాయి గానీ అవి పొట్టివి. వాటి మీద నేరుగా కప్పు వేస్తే అంత పెద్ద హాలు ఇరుకుగా, చీకటిగా ఉంటుంది. మేస్త్రీలు చేసిన పని ఇది: స్తంభం నెత్తిన రాతి దిమ్మె పెట్టి ఎత్తు పెంచారు, దిమ్మెకూ దిమ్మెకూ మధ్య ఒక కమాను కట్టారు, ఆ పైన ఇంకో కమాను. కింది కమాను స్తంభాలు పక్కకు ఒరగకుండా పట్టుకుంటుంది, పైది కప్పు బరువు మోస్తుంది. కింది కమాను పైన గోడ కట్టకుండా ఖాళీ వదిలేశారు కాబట్టి వెలుతురు అందులోంచి పారుతుంది. ఒక వరస ఎర్ర ఇటుక, ఒక వరస తెల్ల రాయి. అవసరం కొద్దీ పుట్టిన ఈ ఉపాయమే ఆ మసీదుకు ప్రపంచంలో పేరు తెచ్చింది. తర్వాతి రెండు వందల ఏళ్లలో దాన్ని పెంచిన వారంతా ఆ కమాన్ల వరసలనే కొనసాగించారు. పదో శతాబ్దంలో కొత్త మిహ్రాబ్ కట్టినప్పుడు మొజాయిక్ పని కోసం బైజాంటిన్ చక్రవర్తి దగ్గర నుంచి సామగ్రి తెప్పించారు.

1236లో నగరం క్రైస్తవ రాజుల చేతికి వచ్చింది, మసీదు చర్చి అయింది. 1523లో దాని నడిబొడ్డున కొన్ని స్తంభాలు పీకేసి పెద్ద కెథడ్రల్ కట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు వెళితే కమాన్ల అడవిలోంచి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆకాశమంత ఎత్తు చర్చిలో తేలతారు. కొందరికి అది గాయం, కొందరికి చరిత్ర పొర. కట్టడం వాడుకలో ఉండటం వల్లే నిలిచిందన్న వాదనలో కొంత నిజం ఉన్నా, నాకు ఆ మధ్యభాగం ఇప్పటికీ కొరుకుడు పడదు.

ఇరాన్‌లో దారి వేరు. ఆవరణకు నాలుగు వైపులా నాలుగు పెద్ద ఇవాన్లు, అంటే ముందువైపు తెరిచి ఉండే ఎత్తైన కమాను మందిరాలు, ఇరానీ మసీదుకు గుర్తు. ఈ కథంతా ఇస్ఫహాన్ జామా మసీదులో దొరుకుతుంది. అక్కడ సెల్జుక్ సుల్తానుల కాలంలో, 1080ల్లో కట్టిన రెండు గుమ్మటాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అదే ఊళ్లో ఇరాన్ రాజు షా అబ్బాస్ 17వ శతాబ్దం మొదట్లో కట్టించిన షేక్ లుత్ఫుల్లా మసీదుకు మినార్ లేదు, ఆవరణా లేదు. అది నిలిచిన మైదానం ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది, ఖిబ్లా నైరుతి వైపు. అందుకే గుమ్మం దాటగానే హాలు రాదు. మసక చీకటి నడవ పక్కకు మెలిక తిప్పి తీసుకెళుతుంది. తీరా హాల్లో అడుగుపెట్టేసరికి దిక్కు మారిన సంగతి గుర్తుకైనా రాదు, చూపు పైకి పోతుంది. గుమ్మటం లోపల నిమ్మకాయ ఆకారపు పలకలు నడిమికి చేరేకొద్దీ చిన్నవవుతూ పోతాయి.

ఎమోజీలోని బొమ్మకు అసలు మూలం ఒట్టోమన్ ఇస్తాంబుల్. 537 నాటి హేగియా సోఫియా చర్చి 1453లో మసీదు అయ్యాక, దాని గుమ్మటం అక్కడి వాస్తుశిల్పులకు సవాలై కూర్చుంది. ఆ సవాలును తీసుకున్నవాడు మిమార్ సినాన్. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, సుల్తాన్ సైన్యంలోకి తీసుకోబడి, వంతెనలు కడుతూ పని నేర్చి, దాదాపు 50 ఏళ్లు సామ్రాజ్య ప్రధాన వాస్తుశిల్పిగా ఉన్నాడు. ఇస్తాంబుల్‌లోని సులేమానియా 1557లో పూర్తయింది. దీపాల మసిని గాలివాటుతో ఒక గదిలోకి లాగి, దానితో సిరా తయారుచేసే ఏర్పాటు అందులో ఉండేదని చెబుతారు. టర్కీలోని ఎడిర్నే నగరంలో సెలిమియా మసీదు పని చేతిలోకి తీసుకునేటప్పటికి అతని వయసు 80కి దగ్గర. 31 మీటర్లకు పైగా వెడల్పున్న గుమ్మటాన్ని ఎనిమిది స్తంభాల మీద నిలిపాడు. టూరిస్టులు ఇస్తాంబుల్‌లోని బ్లూ మాస్క్ దగ్గర క్యూ కడతారు గానీ, ఒక గుమ్మటం కింద అంత విశాలంగా ఊపిరి ఆడే చోటు చూడాలంటే ఎడిర్నే వెళ్లాల్సిందే.

ఈ నమూనాకు ఉన్న పట్టు ఎంతంటే, టర్కీ రాజధాని అంకారాలోని కొజతెపె మసీదు కోసం వాస్తుశిల్పి వేదాత్ దలోకాయ్ 1957 పోటీలో గెలిచి, కొత్త తరహా డిజైన్‌తో పని మొదలుపెట్టినా అది మధ్యలో ఆగిపోయింది. ఆ స్థలంలో చివరికి సినాన్ శైలి మసీదే లేచింది. దలోకాయ్ తన ఆలోచనను ఇస్లామాబాద్‌కు పట్టుకెళ్లాడు. గుడారంలా మడతలు పడిన కప్పుతో, గుమ్మటం లేకుండా కట్టిన ఫైసల్ మసీదు అదే.

గుమ్మటం పట్టించుకోని నేలలు మొదటి నుంచీ ఉన్నాయి. చైనాలోని షియాన్ మహా మసీదు ప్రస్తుత రూపానికి 1392లో పునాది పడింది. ఏటవాలు పెంకుల కప్పులు, చెక్క మండపాలు, ఒకదాని వెనుక ఒకటిగా తోటలు ఉంటాయి. చైనా గుడులు దక్షిణం వైపు చూస్తాయి, ఈ మసీదు వరస మాత్రం తూర్పు నుంచి పడమరకు సాగుతుంది, మక్కా అటువైపు కాబట్టి. జావా దీవిలో డెమాక్ మసీదుకు మూడంతస్తుల కప్పు, కింద నాలుగు టేకు స్తంభాలు. మాలిలోని జెన్నే మసీదు మొత్తం మట్టిది. ఇప్పుడున్నది 1907లో కట్టినదే. వానలకు గోడ కరిగిపోతుంది కాబట్టి ఏటా ఊరంతా కలిసి కొత్తగా పూత వేస్తారు. ఊక కలిపి పులియబెట్టిన మట్టిని కుర్రాళ్లు బుట్టల్లో పరుగున మోసుకొస్తారు, గోడలోంచి పొడుచుకొచ్చిన తాటి కర్రల మీద మేస్త్రీలు నిలబడి చేత్తోనే మెత్తుతారు. వారసత్వ నిపుణులకు 'అసలు గోడ ఏది' అన్నది పెద్ద ప్రశ్న. జెన్నే వాళ్లకు ఆ ప్రశ్నే పుట్టదు.

ఆ ప్రశ్న ఇరాక్‌లోని మోసుల్‌లో నిజంగా ఎదురైంది. 12వ శతాబ్దపు అల్ నూరీ మసీదు మినార్ శతాబ్దాలుగా ఒక పక్కకు ఒరిగి ఉండేది, ఊరికి అదే ఆనవాలు. 2017 జూన్‌లో ఐఎస్ ఉగ్రవాదులు దాన్ని పేల్చేశారు. యునెస్కో చొరవతో పునర్నిర్మాణం మొదలైనప్పుడు, పోటీలో గెలిచిన డిజైన్ గల్ఫ్ కట్టడంలా ఉందని, మోసుల్‌ది కాదని ఇరాక్ వాస్తుశిల్పులు కొందరు గొడవ చేశారు. మినార్ విషయంలో మాత్రం ఊరి కోరికే నెగ్గింది. శిథిలాల్లోంచి ఏరిన పాత ఇటుకలను కూడా కలిపి, దాన్ని ముందున్నట్టే ఒరిగేలా కట్టారు.