నర్సులకు పొగడ్తల కరువు లేదు

ఏటా మే 12న, నర్సుల దినోత్సవం నాడు, ఆసుపత్రుల్లో ఆధునిక నర్సింగ్‌కు ఆద్యురాలైన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఫొటోకు దండ వేస్తారు. కొవ్వొత్తులు వెలిగించి ప్రతిజ్ఞ చేయిస్తారు, వేదిక మీది పెద్దలు నర్సులను దేవతలంటారు, కేకు కోస్తారు. ఆ కేకు ముక్క తిని డ్యూటీకి వెళ్లే సిస్టర్‌ను కదిపి చూడండి, సంతోషం కంటే విసుగే ఎక్కువ వినిపిస్తుంది. ఆ విసుగు నిన్నమొన్నటిది కాదు.

దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చేనాటికి బ్రిటిష్ ఇండియా మొత్తానికి ఉన్న నర్సులు దాదాపు 7,000 మంది. అంటే 43,000 మందికి ఒకరు. ఇంత తక్కువ ఉండటానికి చదువులు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. మలమూత్రాలు ఎత్తడం, పుండ్లు కడగడం, పరాయి మగవాడి ఒంటిని తాకడం, రాత్రిళ్లు బయట ఉండటం... వీటిలో ఏ ఒక్కటీ 'పరువు గల' ఇళ్లకు సమ్మతం కాదు. అందుకే మిషన్ ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన క్రైస్తవ అమ్మాయిలే ఎక్కువగా ఈ పనిలోకి వచ్చారు. నర్సు అనగానే పెళ్లి సంబంధాలు వెనక్కి పోయే రోజులు చాలాకాలం నడిచాయి. కులం చిన్నచూపు చూసిన పనిని పైకి మాత్రం 'సేవ' అని గౌరవించారు. సేవ అన్నాక జీతం గురించి గట్టిగా అడగడం కూడా తప్పుగానే కనిపిస్తుంది మరి.

1973లో కేంద్ర ఆరోగ్య శాఖ నర్సులకు జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డులు ప్రవేశపెట్టింది. అదే ఏడాది నవంబర్ 27న ముంబయి కేఈఎం ఆసుపత్రిలో పనిచేస్తున్న నర్సు అరుణా శాన్‌బాగ్‌పై, ఆ ఆసుపత్రిలోనే, అక్కడి వార్డు ఉద్యోగే అత్యాచారం చేశాడు. ఆమె మెదడు దెబ్బతిని, 2015 మే 18న చనిపోయేదాకా అక్కడే మంచంలో ఉండిపోయింది. తోటి నర్సులు, వాళ్లు రిటైరయ్యాక వచ్చిన నర్సులు ఆమెను చూసుకున్నారు. ఆమెకు కారుణ్య మరణం కోరుతూ వేసిన కేసులో 2011 మార్చిలో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, ఇన్నేళ్లలో ఆమెకు ఒక్క పడకపుండు పడలేదని గుర్తుచేసి, అంకితభావం, త్యాగం అంటే ఏమిటో దేశమంతా ఈ సిబ్బందిని చూసి నేర్చుకోవాలని మెచ్చుకుంది.

పడకపుండు పడకుండా చూడాలంటే రెండు గంటలకోసారి రోగిని ఒత్తిగిల్లబెట్టాలి. వీపు తుడిచి ఆరబెట్టాలి, దుప్పటి ముడత లేకుండా లాగాలి, తుంటి దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో వేలితో నొక్కి చూడాలి, ఆ సంగతి షీటులో రాయాలి. అర్ధరాత్రయినా అంతే, తెల్లవారుజామునైనా అంతే. నా దృష్టిలో ఇది త్యాగం కంటే ముందు నేర్పు. డాక్టరు చేసిన ఆపరేషన్‌ను త్యాగమని ఎవరూ అనరు కదా!

విచిత్రంగా అదే 2011లో భారత శిక్షిత నర్సుల సంఘం ప్రైవేటు ఆసుపత్రుల్లో అరకొర జీతాలపై సుప్రీంకోర్టు గడప ఎక్కింది. 2016 జనవరిలో కోర్టు కమిటీ వేయమంది. రెండు వందల పడకలు దాటిన ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలని, యాభై పడకల లోపు ఉన్నవైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని ఆ కమిటీ సిఫార్సు చేసింది. అమలు బాధ్యత మాత్రం రాష్ట్రాల మీద పడింది. కేరళలో నర్సులు సమ్మెలు చేసి 2018లో కనీస వేతన ఉత్తర్వు తెచ్చుకున్నారు. మన చిన్న పట్టణాల నర్సింగ్ హోముల్లో ఆ సిఫార్సు ఒకటుందని తెలిసిన యజమానులే తక్కువ.

తర్వాత కరోనా వచ్చింది. 2020 మార్చి 22న దేశమంతా చప్పట్లు కొట్టింది. మే 3న హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మీద వాయుసేన హెలికాప్టర్ పూలు చల్లింది. జులైలో అదే గాంధీలో ఔట్‌సోర్సింగ్ నర్సులు విధులు మాని ధర్నాకు కూర్చున్నారు. పర్మనెంట్ నర్సులతో సమానంగా అవే వార్డుల్లో పనిచేస్తూ వాళ్లకంటే బాగా తక్కువ జీతం తీసుకుంటున్నామన్నది వాళ్ల గోడు. ఆందోళన తర్వాత జీతం కొంత పెంచారు. మరుసటి ఏడాది జులైలో తెలంగాణలో 1,600 మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను ఇక రావద్దన్నారు.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. చదువు ప్రమాణాలు, కాలేజీల తనిఖీ, రిజిస్టర్ల గురించి వివరంగా ఉంది. జీతాల ఊసు అందులో లేదు.