‘ఫ్రెంచ్ కనెక్షన్’ కోత కథ 2009 నుంచి చూడాలి

‘ది ఫ్రెంచ్ కనెక్షన్’లో కొన్ని సెకన్లు మాయమైన సంగతి మళ్లీ చర్చకొచ్చింది. 1971 నాటి హాలీవుడ్ పోలీసు సినిమా, ఐదు ఆస్కార్లు, జీన్ హ్యాక్‌మన్ నటన, పైన రైలు కింద కారుగా సాగే ఛేజ్... ఇదంతా తెలిసిందే కాబట్టి నేరుగా గొడవలోకి వద్దాం.

2023 జూన్‌లో క్రైటీరియన్ ఛానల్ అనే స్ట్రీమింగ్ సర్వీసులో ఈ సినిమా చూసినవాళ్లు ఒక సీన్ మధ్యలో ఉన్నట్టుండి తెగిందని గమనించారు. కత్తిగాయమైన తోటి పోలీసు రూసోతో డోయల్ (హ్యాక్‌మన్ పాత్ర) నల్లజాతివాళ్లను కించపరిచే మాట వాడి, వాళ్లను నమ్మొద్దంటాడు. పొడిచినవాడు తెల్లవాడైనా అయ్యుండొచ్చుగా అంటే, అసలు ఎవర్నీ నమ్మొద్దంటాడు. డోయల్ ఎలాంటి పోలీసో ఆ రెండు ముక్కల్లోనే తెలిసిపోతుంది. పోయినవి సరిగ్గా ఆ ముక్కలే. ఫాక్స్‌ను కొన్నప్పటి నుంచి హక్కులు డిస్నీవి. హక్కుదారు తమకు దీన్ని ‘డైరెక్టర్ ఎడిట్’గా, అంటే దర్శకుడి కూర్పుగా చెప్పారన్నది ఛానల్ ఇచ్చిన జవాబు.

ఈ ‘డైరెక్టర్’ అనే మాటకు అంత బలం ఎక్కడిది? నా లెక్కలో 2009లో వచ్చిన బ్లూరే డిస్క్ నుంచి వచ్చింది. దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ అప్పుడు సినిమా రంగులే మార్చేశారు. బొమ్మను నలుపు తెలుపు చేసి, దాని మీద రంగును మసకగా పరిచారు. సినిమా ఇలాగే కనిపించాలన్నది ఆయన మాట.

కెమెరామన్ ఓవెన్ రోయిజ్‌మన్ ఊరుకోలేదు. తనను అడగనే లేదని, ఫలితం ఘోరంగా ఉందని బాహాటంగా అన్నారు. ఆయన కోపంలో న్యాయముంది. న్యూయార్క్ చలికాలపు వెలుతురులో, అసలు వీధుల్లో, చాలాచోట్ల చేత్తో పట్టుకున్న కెమెరాతో తీసిన సినిమా ఇది. ఆ మురికి, ఆ గరుకుదనమే దీని స్టైల్. ఆ పనికే ఆయనకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. దాన్ని పాత నీటిరంగుల బొమ్మలా వెలిసిపోయేలా చేస్తే కోపం రాదా మరి? దర్శకుడి సినిమా కాదని ఎవరూ అనరు. కానీ ఆ బొమ్మ ఆయనొక్కడిదే కూడా కాదు.

2012లో ఇద్దరి ఆమోదంతో ఇంకో బ్లూరే వచ్చింది, రంగులు వెనక్కొచ్చాయి. రోయిజ్‌మన్ నోరు విప్పకపోతే వచ్చేవి కావనే అనుకుంటున్నాను. అయితే దర్శకుడి పేరుంటే పాత సినిమాను ఎవరినీ అడక్కుండా ముట్టుకోవచ్చన్న అలవాటు మాత్రం పోలేదు. రంగు మారితే కనీసం చూసినవాడు పోల్చుకుంటాడు. మాట పోతే, మొదటిసారి చూసేవాడికి ఏం పోయిందో కూడా తెలీదు.

కోత బయటపడేనాటికి రోయిజ్‌మన్ లేరు, ఆ ఏడాది జనవరిలోనే పోయారు. ఆగస్టులో ఫ్రీడ్‌కిన్ కూడా వెళ్లిపోయారు. 2012 డిస్క్ దాచుకున్నవాళ్ల దగ్గర మాత్రం ఆ సీన్ పూర్తిగా ఉంది.