కరెంటు పెట్టిన పదేళ్లకు రక్తం కనబడితే

గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు కర్నూలులో రేడియేషన్ తీసుకుని ఆదోనికో ఆళ్లగడ్డకో తిరిగెళ్లిన ఆడవాళ్లు ‘కరెంటు పెట్టినారు, నయమయింది’ అంటారు. నిజమే. కానీ ఆసుపత్రి ఫైలును మాత్రం అటకెక్కించకూడదు. పదేళ్ల తర్వాత మలంలో రక్తం పడితే డాక్టరు ముందుగా అడగాల్సింది దాన్నే.

రక్తం ఒకటే అయినా, ఏ ఏట పడిందన్నదాన్ని బట్టి అనుమానం మారుతుంది. మొదటి రెండు మూడేళ్లలో అయితే పాత జబ్బు తిరగబెట్టిందేమోనని చూస్తారు. రేడియేషన్‌కు పేగు లోపలి పొర దెబ్బతిని, సన్నటి రక్తనాళాలు చిట్లుతూ ఉండవచ్చు కూడా. ఐదు, పదేళ్లు దాటితే కొత్త క్యాన్సర్ కూడా లెక్కలోకి వస్తుంది. బయటి నుంచి సాధారణంగా 25 సిట్టింగుల్లో 45-50 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) ఇస్తారు, ఆపైన లోపలి నుంచి బ్రాకీథెరపీ, అంటే జబ్బున్న చోటే రేడియేషన్ పెట్టడం. గర్భసంచికి ముందు మూత్రాశయం, వెనక పెద్దపేగు చివరిభాగం ఆనుకునే ఉంటాయి కాబట్టి వాటికీ కొంత తగులుతుంది. అక్కడ చావకుండా మిగిలిన కణంలో డీఎన్‌ఏ తప్పుగా అతుక్కుంటే, అది గడ్డగా ఎదగడానికి ఏళ్లు పడుతుంది. రక్తక్యాన్సర్‌కు అంత ఓపిక లేదు. ఎక్కువగా రెండు నుంచి పదేళ్ల లోపే వస్తుంది.

ఇది విని రేడియేషన్ వద్దనుకుంటే చేతులారా ప్రాణం తీసుకోవడమే. ఇప్పుడు ఒంట్లో ఉన్న క్యాన్సర్ ముప్పుతో పోలిస్తే ఈ ముప్పు చిన్నది.

అసలు తప్పు జరిగేది మరోచోట. రక్తం చూసి మొలలనుకుని పసరు మందు వాడతారు, లేదా కొలనోస్కోపీకి (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) వెళ్లి పాత రేడియేషన్ సంగతి చెప్పరు. కరెంటు తగిలిన పేగు ముందుగోడ నుంచి ముక్క తీస్తే పుండు మానక, యోనిలోకి దారి పడి మలం అటు రావచ్చు. అందుకే గడ్డ, అనుమానపు పుండు ఉంటే తప్ప అక్కడ బయాప్సీ (పరీక్షకు ముక్క తీయడం) జోలికి పోరు. నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వచ్చినా, గొట్టంతో మూత్రాశయం లోపల చూసే సిస్టోస్కోపీ కావాలి.

అన్నిటికీ కరెంటే కారణం కాదు. ముఖద్వారంలో జబ్బు తెచ్చిన హెచ్‌పీవీ అనే వైరస్ మలద్వారం, యోని దగ్గర కూడా తేగలదు. వక్కాకులో పొగాకు చుట్టే అలవాటుంటే నోటి క్యాన్సర్ ముప్పు వేరే. అండాశయ క్యాన్సర్ వచ్చినవారిలో బీఆర్‌సీఏ అనే జన్యువులో మార్పు ఉంటే రొమ్ముపై, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కు వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్ కారణమైతే పెద్దపేగుపై కన్నేయాలి. లించ్ ఉంటే కొలనోస్కోపీ ఏడాది, రెండేళ్లకోసారి. అక్కచెల్లెళ్లకూ పిల్లలకూ జన్యుపరీక్ష.

ఫైలులో చూసుకోవాల్సినవి: రేడియేషన్ మొదలైన, ముగిసిన తేదీలు, మొత్తం గ్రేలు, బ్రాకీథెరపీ ఎన్నిసార్లు, కీమో మందుల పేర్లు. ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి కూతురికో కోడలికో పంపండి. ఫైలు తడిసినా, చెదలు తిన్నా అది మిగులుతుంది.