చేదు బుడ్డ ఉమ్మేయమన్నది ఎందుకంటే

ఒరే పిల్లలూ,

మొన్న ఫోన్లో చిన్నోడు అడిగాడు కదా, తాతా చేదు బుడ్డ, అదే వేరుశనగ గింజ, ఒకటి మింగేశా ఏమన్నా అవుతుందా అని. ఒక్కదానికి ఏం కాదులే, కానీ చేదుగా ఉన్నదానికి బూజు పట్టి ఉండొచ్చు, ఉమ్మేయడమే మంచిది, ఎందుకో చెప్తా, కాస్త పొడుగవుతుంది.

బుడ్డల మీద, మొక్కజొన్న మీద పచ్చగా ఒక బూజు పడుతుంది, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అంటారు, అది వదిలే విషం పేరు అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్లు లివర్ పాడై చచ్చిపోతే ఏ రోగమో తెలీక టర్కీ ఎక్స్ అన్నారు, తీరా చూస్తే బ్రెజిల్ నుంచి తెప్పించి మేపిన, నూనె తీసిన బుడ్డల చెక్కలో ఉంది ఇది.

మనుషుల సంగతి ఇంకా ఘోరం. 1974లో రాజస్థాన్ బాన్స్‌వాడా, గుజరాత్ పంచ్‌మహల్ వైపు కోతల టైంలో వానలు పడి మొక్కజొన్న బూజు పట్టింది, పేదోళ్లు అవి పారేసి ఏం తింటారు, అవే తిన్నారు. కళ్లు పచ్చబడి, పొట్టలో నీరు చేరి 397 మంది మంచాన పడితే 106 మంది పోయారు. ఆ ఇళ్లల్లో అదే తిండి తిన్న కుక్కలకీ అదే రోగం. దీని ఆరా తీసింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే.

లివర్ పనేంటి, ఒంట్లోకొచ్చిన విషాన్ని విరిచి బయటికి పంపడం. దీన్నీ అట్లే విరవబోతుంది, కానీ ఆ మధ్యలో పుట్టేది అసలు విషం కంటే చెడ్డది, పోయి లివర్ కణాల డీఎన్‌ఏకే అతుక్కుంటుంది. ఒకేసారి ఎక్కువ పడితే కామెర్లు, ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పడితే క్యాన్సర్, హెపటైటిస్ బి ఉన్నోళ్లకి మరీ. వేయిస్తే పోతుందిలే అనుకోవద్దు, మన పొయ్యి వేడికి పూర్తిగా లొంగదది.

మా జేజి చాటలో పోసుకుని ముడుచుకుపోయినవి, రంగు మారినవి ఏరేసేది, ఏరినవి మాత్రం కోళ్లకేసేది, పాపం ఆమెకేం తెలుసు. నేనింకా ఘనుణ్ణి. ఒక ఏడు బుడ్డ చెట్ల ఊడలు కాయ కట్టడానికి నేలలోకి దిగినాక వాన లేక చేను ఎండింది, పీకి ఆరేస్తే ముసురు పట్టింది, ఆ తడి కాయే ఆడించి చెక్క ఆవుకి పెట్టా. ఆ విషం పాలలోకీ దిగుతుందని పశువుల డాక్టరు చెప్పింది చాలా ఏళ్ల తర్వాత. అప్పట్లో ఆ పాలు తాగింది మీ నాయనే, వాడికి నేనింతవరకు చెప్పలేదు, మీరే చదివి వినిపించండి.

ఇప్పుడైతే కాయని చెవి దగ్గర పెట్టి ఊపుతా, లోపల గింజ బాగా ఎండి గలగలమంటేనే గోతంలోకి. మీకు కట్టిన మూట కూడా అట్లా ఊపినవే, అందుకే లేటయింది.

మీ తాత